నడుంనొప్పికి ఇచ్చిన మాత్ర

రాస్తే మనసు కుదుటపడుతుందని మా డాక్టరమ్మ చెప్పింది. కుదుటపడుతుందో లేదో నాకు తెలియదు. నాకున్నది కోపం. అది తగ్గాక రాద్దామని వేసవి పోయి, వానలు పోయి, చలి వచ్చేదాకా ఆగాను. తగ్గలేదు. ఇక దాంతోనే రాస్తున్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో ఒక్కరు చదివినా చాలు.

నేను బస్సు కండక్టర్ని. శ్రీకాకుళం నుంచి విజయనగరం, మళ్ళీ వెనక్కి. ఆ దారిలో ఆడమనిషి దిగి వెళ్ళడానికి సరైన మరుగుదొడ్డి లేదు కాబట్టి డ్యూటీ ఎక్కిన తర్వాత నీళ్ళు తాగడం ఎప్పుడో మానేశాను. అందువల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు గానీ, కొన్నేళ్ళ కిందట కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని తేలింది. మందులు వేసుకుంటూ, ఉప్పు తగ్గించుకుంటూ, మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి వస్తూ నెట్టుకొస్తున్నాను. డయాలసిస్ దాకా వెళ్ళలేదు. వెళ్ళకూడదనే మా ఇంటిల్లిపాది ప్రయత్నం.

మే నెలలో నడుంనొప్పి పట్టుకుంది. నిండు బస్సులో టికెట్ల మిషను పట్టుకుని రోజంతా నిలబడే పని కదా, ఇన్నాళ్ళూ రాకపోవడమే ఆశ్చర్యం. మా ఆయన తవిటినాయుడు, పొలం పని వదులుకుని, నన్ను విజయనగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పేరున్న డాక్టరే. హాలు నిండా ఎక్స్‌రే కవర్లు ఒళ్ళో పెట్టుకున్న జనం. మా టోకెను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

లోపల మేమున్నది ఎంతసేపని? నేను కూర్చుంటూనే చెప్పాను, నాకు కిడ్నీ జబ్బు ఉందని. మా ఆయన మళ్ళీ చెప్పాడు. డాక్టరు విన్నాడు. వినలేదని అబద్ధం చెప్పను. కిడ్నీ అంటున్నారు కాబట్టి నొప్పి మాత్రలు రాయడం లేదని, కండరాలు వదులయ్యే మాత్ర మాత్రం రాస్తున్నానని, దీంతో భయం లేదని అన్నాడు. రోజుకు మూడు పూటలా వేసుకోమన్నాడు. మంచి డాక్టరు, మన మాట విని రాశాడని మా ఆయన దారి పొడుగునా సంబరపడ్డాడు.

ఆ మందు పేరు బాక్లోఫెన్. పేరు రాయకుండా ఎలా ఉంటాను? వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళకు అది మేలు చేసే మందేనట. ఎక్కిళ్ళు ఆగకపోయినా ఇస్తారట. ఇప్పటికే దాన్ని చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకూడదు, అదీ ప్రమాదమే, డాక్టరును అడగాలి. కానీ అది ఒంట్లోంచి బయటికి పోవలసింది కిడ్నీల గుండానే. కిడ్నీలు పనిచేయని ఒంట్లో పేరుకుపోతుంది. పేరుకుని మెదడు మీద పడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మొదటి రాత్రి హాయిగా నిద్రపట్టింది. మర్నాడు నాలుక బరువెక్కింది. డ్యూటీకి వెళ్ళాను. రణస్థలం దాటాక ఒక ముసలాయన గట్టిగా అంటున్నాడు, తనకు ఇదివరకే టికెట్ ఇచ్చానని, మళ్ళీ టికెట్ కొడుతున్నానని. నేను ఆయన్ని చూస్తున్నాను గానీ ఆయన మాటలు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. కాళ్ళ కింద బస్సు ఉన్నట్టే లేదు. డ్రైవరు బండి పక్కకు ఆపి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, మా ఆయనకు ఫోన్ చేశాడు. అక్కడిదాకానే నాకు గుర్తు.

మిగతాది మా ఆయన, మా అప్ప చెప్పగా తెలిసింది. మా అప్ప అంటే నా తోడబుట్టిన పెద్దది, ఎచ్చెర్ల దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రం పరిగెత్తుకొచ్చింది. నేను మంచం మీద కూర్చుని దుప్పటి అంచు చింపుతూ, ముక్కముక్కా పక్కకు అందిస్తూ, దిగేవాళ్ళు ముందుకు రండి అని కేకలు పెడుతున్నానట. ఎవరు పిలిచినా గుర్తుపట్టలేదట. చేతులు ఉండుండి ఎగిరిపడుతున్నాయట. అప్ప ఆ మాట చెబుతూ నవ్వబోయి ఏడ్చింది. అంతకంటే ఘోరం ఏమిటంటే, నాకు నిద్ర చాలడం లేదని, నొప్పి ఎక్కువై ఇలా అవుతోందని, ఆ మాత్రనే మా ఇంట్లోవాళ్ళు వేళకు నీళ్ళలో అరగదీసి నా నోట్లో పోశారు. మా అప్ప చేత్తోనే. ఆ సంగతి తలుచుకుని అప్ప ఇప్పటికీ నా ముందు సరిగ్గా కూర్చోదు. దాని తప్పు ఏముంది? వేళకు వెయ్యమని రాసినవాడిది కాదా?

మా పెద్ద బావ, అంటే మా ఆయన అన్నయ్య, గాలి సోకిందన్నాడు. పక్క ఊళ్ళో మంత్రం వేసేవాడిని పిలుద్దామన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ చెయ్యి చేసుకోవడం ఒక్కటే తక్కువ. తెల్లారి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ తలకు స్కానింగ్ తీశారు. పక్షవాతం కాదన్నారు. రక్తంలో చక్కెర బాగానే ఉందన్నారు. ఇంట్లో గొడవలు ఏమైనా ఉన్నాయా, ఉద్యోగంలో ఒత్తిడి ఉందా, భార్యాభర్తలు సరిగ్గా ఉంటున్నారా అని అడిగారట. మా ఆయన తలదించుకుని అన్నిటికీ జవాబు చెప్పాడు. ఏ మందులు వాడుతోంది అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆడది, ఈ వయసులో, ఇలాంటివి మామూలేనని ఒకాయన అన్నాడు. మానసికం అని తేల్చి మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. ఇప్పటికే మత్తుతో మునిగిపోతున్న మనిషికి ఇంకో మత్తు! నేను సెలైన్ పీకేస్తున్నానని చేతులు రెండూ మంచం కమ్మీలకు గుడ్డపీలికలతో కట్టేశారు.

పక్క మంచంలో టెక్కలి వైపు ఒకావిడ ఉండేదట, కూతురి కాన్పుకు వచ్చి తనే జ్వరంతో పడుకుంది. నర్సులు అటు వెళ్ళగానే లేచి వచ్చి నా కట్లు వదులు చేసేదట. మణికట్టు కింద తన చీర కొంగు మడిచి పెట్టేదట. నేను ఆవిడను చూడనైనా లేదు. ఆవిడ పేరు అడగాలని మా వాళ్ళకు తోచలేదు. ఎక్కడున్నా ఆవిడ చల్లగా ఉండాలి.

ఆ మర్నాటికి నేను మాట్లాడటం మానేశాను. గుచ్చినా కదలలేదు. ఊపిరి నెమ్మదించింది. అప్పుడు వాళ్ళకు భయం వేసి, పెద్ద ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళమని రాసిచ్చేశారు. అక్కడ కిడ్నీల డాక్టరమ్మ వచ్చి చూసింది. చిన్న వయసు. మా ఆయన్ని మొట్టమొదట అడిగిన ప్రశ్న, ఈమధ్య కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు అని. నడుంనొప్పికని మా ఆయన అంటూండగానే ఆవిడ మొహం మారిపోయిందట. మా బావను ఇంటికి పంపి మాత్రల అట్ట తెప్పించింది. చూసి, దాన్ని బల్ల మీద విసిరికొట్టింది. మా ఆయన బెదిరిపోయాడు, తనను తిడుతుందేమోనని.

ఆవిడ తిట్టలేదు. ఈమెకు పిచ్చీ లేదు, పక్షవాతమూ లేదు, మందు విషమైంది, డయాలసిస్ చేసి దాన్ని లాగేయాలి అంది.

డయాలసిస్ అన్న మాటకు మా వాళ్ళు ఆశ వదులుకున్నారు. మా జిల్లాలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా? ఆ మిషను ఎక్కినవాళ్ళు వారానికి ఇన్నిసార్లని ఎక్కుతూనే ఉండటం, చివరికి వెళ్ళిపోవడం మేం చూస్తూనే ఉన్నాం. బావ అడ్డం తిరిగాడు. "మిసనెక్కితే దిగడం నేదురా తమ్మీ. ఇంటికి తీసుకుపోదాం. పోతే మనింట్లో పోద్ది" అన్నాడట.

మా ఆయన డాక్టరమ్మ కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. ఆవిడ కూడా నేల మీదే కూర్చుందట. అందరూ చూస్తున్నా సరే. జబ్బుకు చేసే డయాలసిస్ వేరు, విషం తీయడానికి చేసేది వేరు, ఒకటి రెండు సార్లతో సరిపోతుంది, తర్వాత అవసరం రాకపోవచ్చు, కానీ ఇప్పుడు చేయకపోతే మాత్రం ఊపిరి ఆగవచ్చు అని విడమరిచి చెప్పింది. మా ఆయన లేచి సంతకం పెట్టాడు. బావ ఆ పూటే ఊరికి వెళ్ళిపోయాడు. తమ్ముడు తన మాట కాదన్నాడని తర్వాత చాలారోజులు మా గుమ్మం తొక్కలేదు.

రెండోసారి డయాలసిస్ అయ్యాక కళ్ళు తెరిచాను. ఎదురుగా మా ఆయన. గడ్డం మాసిపోయి, చొక్కా నలిగిపోయి, ఎవరో అనుకున్నాను.

"నానెవుల్నే?" అన్నాడు.

పేరు పెట్టి చెప్పాను. మా ఊళ్ళో పెళ్ళాలు మొగుడి పేరు చెప్పరు. ఆయన అదేమీ పట్టించుకోకుండా బయటికి వెళ్ళిపోయి వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాడట. నేను చేతులు చూసుకున్నాను. మణికట్ల మీద నల్లటి వాతలు. ఎవరు కట్టారని అడిగితే ఎవరూ చెప్పలేదు. నా కోపం అక్కడ మొదలైంది. ప్రాణం మిగిలిందన్న సంతోషం కంటే ముందే వచ్చింది.

జూన్ అంతా ఇంట్లోనే. నడక సరిగ్గా రావడానికి టైం పట్టింది. మాటకు మాట తడుముకునేదాన్ని. వీధిలోవాళ్ళు చూడటానికి వచ్చి నా కళ్ళలోకి తొంగిచూసేవాళ్ళు, పిచ్చి పూర్తిగా పోయిందా లేదా అని. పాలు పోసే ఆమె తన పిల్లను నా దగ్గరికి రానిచ్చేది కాదు. మందు వల్ల అయింది అని అప్ప వందసార్లు చెప్పినా, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. గాలి అంటే నమ్మారు. పిచ్చి అంటే నమ్మారు. డాక్టరు రాసిన మాత్ర అంటే మాత్రం నమ్మలేదు.

జూలైలో డాక్టరమ్మకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగాను, ఇది మీకెలా తెలిసిందని. చదివానంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ ఆస్పత్రి రికార్డులు పెద్ద ఎత్తున తిరగేసి చూసిన పరిశోధనలు విదేశాల్లో ఉన్నాయట. ఈ మాత్ర మొదలుపెట్టినవాళ్ళు, మొదలుపెట్టనివాళ్ళ కంటే ఎక్కువగా, మతి చెదిరి ఆస్పత్రి పాలయ్యారని వాటిలో తేలిందట. డోసు పెరిగినకొద్దీ, కిడ్నీ చెడినకొద్దీ ముప్పు ఎక్కువట. అచ్చయి కూడా చాన్నాళ్ళయిందట.

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ తెలియని జబ్బుతో పడిపోతే అది నా ఖర్మ అనుకునేదాన్ని. తెలిసిన సంగతి! ఎవరో కష్టపడి వెతికి, రాసి, అచ్చువేసి పెట్టిన సంగతి! అది సముద్రాలు దాటి డాక్టరమ్మ టేబుల్ దాకా వచ్చింది గానీ, విజయనగరం ఎముకల డాక్టరు గదిలోకి రాలేదు.

ఆవిడ కొంచెం మొహమాటపడుతూ ఇంకో మాట అడిగింది. ఇలాంటి కేసులు తను పోగుచేస్తోందట. డాక్టర్లు చదివే పత్రికకు రాస్తుందట. నా సంగతి కూడా అందులో పెట్టవచ్చా, పేరు రాయను, ఫలానా వయసు స్త్రీ అని మాత్రమే రాస్తాను అంది. నన్ను బతికించిన మనిషి. అయినా ఆ క్షణంలో ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

"మీరు ఇంగ్లీషులో రాస్తారు. మళ్ళీ మీలాంటోలే సదువుతారు. మా ఊరోలికి ఎవులు సెప్తారమ్మా?" అన్నాను.

నేను ఒప్పుకున్నాను గానీ, ఒక షరతు పెట్టాను. అదే సంగతి తెలుగులో, మాకు అర్థమయ్యేలా, ఒక కాగితం మీద రాసి డయాలసిస్ వార్డు గోడకు అంటించాలని. వారం తిరగకుండా అంటించింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు నొప్పులకు, ఎక్కిళ్ళకు ఏ మాత్ర రాసినా మమ్మల్ని అడగండి, కొత్త మాత్ర వేసుకున్నాక మతి చెదిరినా మాట ముద్దగా వచ్చినా వెంటనే తీసుకురండి అని పెద్ద అక్షరాలతో.

అప్పటికీ నా కడుపులో మంట చల్లారలేదు. విజయనగరం వెళ్ళాను. మళ్ళీ అదే హాలు, అదే టోకెను, అవే ఎక్స్‌రే కవర్లు. మా ఆయన వద్దంటూనే వెంట వచ్చాడు. డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. చెప్పాను. మొత్తం చెప్పాను, కట్టేసిన గుడ్డపీలికలతో సహా.

ఆయన అంతా విని, "ఇది చాలా అరుదమ్మా. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేను ఒక్కటి కూడా చూడలేదు" అన్నాడు.

"మీకెలగ అగుపిస్తాది సార్? ఇక్కడ మాత్ర రాయించుకుంటాం. ఇంటికెళ్ళి పడిపోతాం. గాలంటారు, పిచ్చంటారు. సచ్చిపోతే కిడ్నీతో సచ్చిపోనాదంటారు. మళ్ళీ మీ కాడికి ఎవులొచ్చి సెప్తారు?"

కిడ్నీ అన్నారనే కదా నొప్పి మాత్ర రాయలేదు అన్నాడు ఆయన. అది నిజమే. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. సగం తెలిసి, మిగతా సగం తెలుసుకోవాలని అనిపించక, భయం లేదని నాకు మాట ఇచ్చాడు. ఇకమీద కిడ్నీవాళ్ళకు ఆ మాత్ర రాయనన్నాడు. నేను దండం పెట్టలేదు. లేచి వచ్చేశాను. క్షమించమని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం నీలవేణి మా ఇంటికి వచ్చింది. మా డిపోలో డ్రైవరుగా చేసి చనిపోయిన అప్పలసూరి భార్య. అతనికీ కిడ్నీ జబ్బు ఉండేది. నిరుడు ఒకరోజు డ్యూటీకి తూలుతూ వచ్చాడు, మాట ముద్దగా వస్తోంది. తాగాడని గేటు దగ్గర మిషన్లో ఊదించారు. ఏమీ రాలేదు. సారా కాకపోతే ఇంకేదో మత్తు మింగాడన్నారు. ఇంటికి పంపేశారు. రెండుమూడు రోజులకు పోయాడు. తాగి పోయాడనే మాట డిపోలో మిగిలిపోయింది.

నీలవేణి నన్ను పలకరించడానికి వచ్చిందనుకున్నాను. నాకు ఏమైందో మొదటినుంచీ అడిగింది. నాలుక ఎలా ఉండింది, కాళ్ళు ఎలా తూలాయి, అన్నీ. చెబుతున్నకొద్దీ ఆమె నా దగ్గరికి జరిగింది.

"అప్పా, ఎక్కిళ్ళకి కూడా ఆ మాత్రే ఇస్తారా?" అంది.

ఇస్తారు అన్నాను. అప్పుడు చెప్పింది. చనిపోవడానికి ముందు అప్పలసూరికి ఎక్కిళ్ళు పట్టుకుని వదల్లేదట. ఎవరో డాక్టరు మాత్రలు ఇచ్చాడట. పేరు తెలియదు. అట్ట ఎప్పుడో పారేసింది.

ఆమెను మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా విని, అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు అంది. కిడ్నీ బాగా చెడినా ఎక్కిళ్ళు వస్తాయి, మతి తప్పుతుంది. మాత్ర ఏదో తెలియకుండా ఇప్పుడు తేల్చి చెప్పలేను అంది. అవును అనే మాట కోసం నీలవేణి ఆవిడ నోటికేసి చూస్తూనే ఉంది. అది రాలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. "ఆ రెండ్రోజులూ నాను ఆయన్తో మాటాడనేదప్పా" అంది. "నన్ను మోసం సేసి ఏదో మింగుతన్నాడనుకున్నాను. నీల్లడిగితే పిల్లసేత పంపినాను."

ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకు జరిగినదానికంటే అప్పలసూరికి జరిగినదానికి నాకు ఎక్కువ కోపం వచ్చింది. నేను బతికి వచ్చి అరవగలుగుతున్నాను.

ఈమధ్యే మళ్ళీ పనిలో చేరాను. బస్సు ఎక్కనివ్వకుండా డిపోలోనే కూర్చునే పని ఇచ్చారు. మొన్న డ్యూటీలు మారే వేళకు గేటు దగ్గర గొంతు వినబడి బయటికి వచ్చాను. నీలవేణి. డ్రైవర్లు ఊదే మిషను బల్ల పక్కనే నిలబడి ఉంది. చుట్టూ పదిమంది చేరారు.

"మా ఆయన తాగి పోనేదు" అంటోంది. అరవడం లేదు, తాపీగానే అంటోంది. "ఎక్కిళ్ళకి మాత్రేసుకున్నాడు. అదేటి మాత్రో అప్పుడెవులూ అడగనేదు, నానూ అడగనేదు. అడగనోలం మనం ఆయన్ని తాగుబోతనకూడదు."

పాత డ్రైవరొకాయన, నేను బావా అని పిలిచే మనిషి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, ఇది నిజమేనా పార్వతీ అని.

"తెలీదు బావా. తెలియాలంటే ఆరోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాల. మీరు ఊదించి ఇంటికి పంపేసినారు" అన్నాను.

ఆయన లోపల్నుంచి కుర్చీ తెచ్చి నీలవేణి పక్కన వేశాడు. ఆమె కూర్చోలేదు. అప్పుడే బండి దిగి వస్తున్న ఇంకో డ్రైవరును ఆపి, మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.